రొట్టెల ఆవిడ ఎడమ కన్ను

గోరింక అన్న పేరు అక్క పెట్టింది. మాటలు వచ్చిన నాటి నుంచీ నోటికి తాళం పడని పిల్లను మరేమని పిలుస్తారు? ఆ అక్క పోయి ఏడాది దాటింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. అప్పుడు గోరింక హాస్టల్లో పరీక్షలకు చదువుకుంటోంది. "ఏం లేదులేవే, మామూలు జ్వరమే" అని అక్కే ఫోనులో నవ్వింది. గోరింక బస్సు దిగి పరిగెత్తుకొచ్చేసరికి అక్క కళ్ళు మూసి పడుకోబెట్టారు. ఆఖరి చూపు అంటారు చూడండి, అది ఆ పిల్లకు దక్కలేదు.

దానికి తోడు ఇంకో దౌర్భాగ్యం. ఫొటో అంటే చాలు, అక్క కళ్ళు మూతలు పడేవి. ఎంత జాగ్రత్తగా నిలబెట్టినా, ఎన్నిసార్లు తీసినా, సరిగ్గా నొక్కే వేళకు టక్కున రెప్పలు వాలేవి. ఆఖరికి కాలేజీ కార్డు మీద కూడా కునుకు తీస్తూనే ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ అదొక నవ్వులాట. పోయాక ఆల్బమ్ తిరగేస్తే అన్నీ మూసిన కళ్ళే. వీడియోలు వెతికితే పకపకా నవ్వుతూ తల తిప్పేసుకోవడమే గానీ, కంటి రంగు తెలిసేంత దగ్గరగా ఒక్కటంటే ఒక్కటి లేదు.

గోరింక చదివేది కృత్రిమ అవయవాల చదువు. చివరి ఏడాది పరాయి దేశంలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. తోటివాళ్ళందరికీ పెద్దపెద్ద ఆస్పత్రులు దొరికాయి. ఈవిడగారికి దొరికింది కళ్ళు చేసే దుకాణం! గొడుగులు బాగుచేసే షాపు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కి వెళ్తే ఒకే ఒక్క గది, ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీ. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద రంగుపొడులు, వెంట్రుకంత సన్నటి కుంచెలు, తెల్లగుడ్డు మీద నరాలు వెయ్యడానికి ఎర్ర పట్టుదారం ఉండ. పగటి వెలుగు ఉన్నంతసేపే పని. మబ్బు పట్టిందంటే మాస్టారు కుంచె కడిగేసి టీ పెట్టుకునేవారు.

ఈ మాస్టారు కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం గదంతా గాలించే రకం. మొదటిరోజే గోరింకను కూర్చోబెట్టి చెప్పారు.

"ఇక్కడ రెండే పద్ధతులమ్మాయ్. కన్ను ఎవరికి చేస్తున్నామో ఆ మనిషి ఎదురుగా కూర్చోకుండా కుంచె ముట్టుకోకూడదు. ఫొటో చూసి గీయడం, గుర్తు తెచ్చుకుని గీయడం, అలాంటి వేషాలు నా దగ్గర కుదరవు. రెండోది, చేసిన కన్ను మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంచాలి. సొంతదారు వచ్చి పెట్టుకునేదాకా అది ఎవర్నీ చూడకూడదు."

"కన్ను చూస్తుందా మాస్టారూ? ప్లాస్టిక్కే కదా!"

"నాలుగు రోజులు పనిచెయ్, నువ్వే చెబుదువు గాని."

గోరింక ఉండేది పెద్దమ్మ ఇంట్లో. సొంత పెద్దమ్మ కాదు, అమ్మకు వరసకు అక్క. ఆ ఊళ్ళో ఎప్పుడో స్థిరపడింది. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లకు కడుపునిండా తిండి పెట్టి, అంతకు మించి చివాట్లు పెట్టేది. సెలవు దొరికితే గోరింక ఊరు చూడ్డానికి బయల్దేరేది. కొండ మీదికి పాకే మెట్లదారులు, నది మీద ఇనప వంతెన, పాత సామాను అమ్మే సందులు, ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తెలియని ట్రాము. నిజానికి ఈ తిరుగుళ్ళన్నీ అక్క వేసిన పథకాలే. "నువ్వెక్కడికి వెళ్తే అక్కడికి నేనూ ఊడిపడతా, ఊరు చివరిదాకా నడిచొద్దాం" అనేది. అందుకే కాబోలు, గోరింక కాలిబాట మీద నడిచేటప్పుడు తనకు తెలియకుండానే ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచేది. ఎదురొచ్చేవాళ్ళు ఆ చోటులోంచి దూసుకుపోతే చెప్పలేనంత ఒళ్ళుమంట వచ్చేది.

ఒకరోజు అమ్మ ఫోను చేసింది. తిన్నావా, పడుకున్నావా అన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చింది.

"ఏమే గోరింకా, మీరు అక్కడ అచ్చం నిజంలాంటి కళ్ళు చేస్తారా?"

"అచ్చం నిజంలానే ఉంటాయమ్మా."

"అయితే దాని కన్ను ఒకటి చేసి పట్టుకురావే. ఒక్కటి చాలు. దాని ముఖం గుర్తొస్తుంది, ముక్కు గుర్తొస్తుంది. కళ్ళు తెరిచి నన్ను చూసినట్టు మాత్రం ఎంత తలుచుకున్నా రావట్లేదే. కన్నతల్లిని, నాకే గుర్తులేకపోతే ఎట్లా చెప్పు?"

గుర్తున్నది గోరింక ఒక్కదానికే. చీకటిపడ్డాక ఒకే దుప్పట్లో దూరి, ముక్కుకు ముక్కు ఆనించి కబుర్లు చెప్పుకున్న కళ్ళవి. నల్లకళ్ళని మనం అనుకుంటాం గానీ, ఏ కన్నూ నలుపు కాదు. అక్కది చిక్కటి డికాషన్ రంగు. ఎడమ కంటి నల్లగుడ్డులో, కింది అంచున, ఆవగింజలో సగం ఉంటుందేమో, తేనెరంగు మచ్చ ఒకటి. దగ్గరగా చూస్తే తప్ప దొరకదు.

"తెస్తానమ్మా" అని మాటిచ్చేసింది.

మాస్టారు భోజనానికి వెళ్ళినప్పుడల్లా మొదలుపెట్టింది. నల్లగుడ్డు గీసే బిళ్ళల్లో పాడైపోయినవాటి మీద గీస్తుంది, పైన పూత పోస్తే ఎలా ఉంటుందో తెలియడానికి నీటిచుక్క వేసి చూస్తుంది, గీకేస్తుంది. రంగు కుదిరితే లోతు కుదరదు. లోతు కుదిరితే ఆ చూపు రాదు. బిళ్ళ మీద ఎంతకూ రాని ఆ చూపు, వేరే చోట్ల మాత్రం ఎదురుకావడం మొదలైంది. బల్ల మీద గుడ్డ కింద వరసగా ఉన్న కళ్ళలో ఒకటి తెరిచి ఉందనిపించేది. కప్పిన గుడ్డ ఎత్తి చూస్తే అన్నీ ఎవరెవరివో. ట్రాము అద్దంలో తన పక్కన ఇంకో ముఖం ఉన్నట్టుండేది. తిరిగితే ఖాళీ సీటు. వంతెన మీద ఎడమ చెవి పక్కనే "ఏయ్" అన్నట్టు వినబడి ఒళ్ళు జలదరించింది. భయపడిందంటే భయపడింది. కానీ మళ్ళీ వినబడుతుందేమోనని ఆ వంతెన మీదే అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది కూడా.

అలాంటి రోజుల్లో రొట్టెల ఆవిడ వచ్చింది. పెద్దమ్మ ఇంటి వీధి మలుపులో ఆవిడకు రొట్టెల దుకాణం. గోరింక రోజూ పొద్దున్నే అక్కడే రొట్టె కొంటుంది. లోపల ఏదో గడ్డ లేచి ఆవిడ ఎడమ కన్ను తీసేశారు. గుడ్డ కట్టుకుని అమ్ముతుంటే కొనేవాళ్ళు జాలిగా చూస్తున్నారట. అంతకంటే బాధ, నాలుగేళ్ళ కూతురు ఆ గుడ్డ చూసి జడుసుకుంటోందట. మాస్టారు కొలత తీసుకున్నారు, మైనంతో అచ్చు పోశారు, తెల్లగుడ్డు తయారుచేశారు. ఇక నల్లగుడ్డు గీయడమే తరువాయి అనగా ఆయన నడుం పట్టేసింది. మంచం మీదనుంచే ఫోను చేశారు.

"నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు. ఆవిడకు రెండు రోజులాగి రమ్మని చెప్పు."

ఆవిడ ఆగితేనా! మర్నాడు పొద్దున్నే పిల్లను చంకనేసుకుని మెట్లెక్కి వచ్చేసింది. "నువ్వు చెయ్యలేవా తల్లీ? రోజూ చూస్తున్న ముఖమేగా" అని బతిమాలింది. గోరింక మొహమాటానికి పోయింది. అబద్ధమెందుకు, మొహమాటం ఒక్కటే కాదు, చేతులు దురదపెట్టాయి కూడా. ఆవిడను కిటికీ ఎదుట కూర్చోబెట్టింది. మంచి వెలుగు. ఆవిడ కుడికన్ను వట్టి చింతగింజ రంగు, మచ్చా లేదు మరకా లేదు. చూస్తూ గీస్తోంది. కాసేపటికి పిల్ల మారాం చేసి నీళ్ళకని తల్లిని లాక్కుపోయింది. గోరింక కుంచె ఆపాల్సింది. ఆపలేదు.

ఎదురుగా కుర్చీ ఖాళీ. చెయ్యి మాత్రం నడుస్తోంది. డికాషన్ రంగు చిక్కబడింది. లోతు వచ్చింది. ఎన్నాళ్ళుగానో రానిది, కాళ్ళావేళ్ళా పడినా రానిది, తనంతట తానే నడిచొచ్చి బిళ్ళ మీద కూర్చుంది. గోరింక ఊపిరి బిగబట్టి కుంచె కొనను తేనెరంగులో ముంచి, కింది అంచున తాకించింది. నీటిచుక్క వేసింది. అక్క చూసింది.

తుడిచెయ్యొచ్చు. ఒక్క గుడ్డపీలిక చాలు. ఆ సంగతి గోరింకకు తెలుసు, తెలిసే తుడవలేదు. పైన గాజులాంటి పూత పోసి, ఉడికించి, మెరుగుపెట్టి, సాయంత్రానికి రొట్టెల ఆవిడకు పెట్టేసింది. ఆవిడ అద్దంలో చూసుకుని గోరింక రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. తర్వాత మెట్ల దగ్గర వెనక్కి తిరిగి "వస్తాను తల్లీ" అంది. ఆ తిరగడంలో వెలుగు ఎడమవైపు పడింది. గోరింక గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మాస్టారు వచ్చాక చెడామడా తిట్టారు. "ఆవిడకి బాగుందన్నారు మాస్టారూ" అంది గోరింక. "నెల తర్వాత పరీక్షకు వస్తుందిగా, అప్పుడు చూస్తాను నీ నిర్వాకం" అన్నారాయన.

ఆ రోజులు ఎలా గడిచాయో గోరింకకే తెలియాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రొట్టెల దుకాణం. కావాలని ఎడమవైపే నిలబడేది. చిల్లర ఇస్తూ ఆవిడ ఇటు తిరిగితే, ఆ ఒక్క క్షణం అక్క ఎదుట ఉన్నట్టే. ఇంట్లో రొట్టెలు గుట్టలు పడ్డాయి.

"ఏమే, మనం ఇద్దరమా, పటాలమా? పెళ్ళివారు గానీ దిగుతున్నారా?" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇడ్లీ చేస్తే రొట్టె తింటావు, ఉప్మా చేస్తే రొట్టె తింటావు. ముఖం చూడు, పీక్కుపోయింది. గాలీ ధూళీ సోకిందేమిటే నీకు?"

గోరింక నవ్వేసింది. సోకింది పెద్దమ్మా అని చెప్పబుద్ధయింది గానీ ఇంకో రొట్టెముక్క నోట్లో కుక్కుకుంది. అసలు భయం అప్పటికే మొదలైంది. ఆ కన్ను ఎంతసేపు చూసినా, చూడటమే తప్ప ఇంకేం చెయ్యదు. అక్క చూస్తే ఆ కంట్లో నవ్వు ముందు పుట్టి తర్వాత పెదాలకు దిగేది. ఇది గోరింకను చూస్తుంది, గోరింక వెనకున్న గోడనూ అలాగే చూస్తుంది. అక్కను తీసుకొచ్చి, ఎవరూ పలకరించని చోట నిలబెట్టానా అని రాత్రిళ్ళు లేచి కూర్చునేది. అయినా సాయంత్రం మళ్ళీ వెళ్ళేది.

ఒకరోజు దుకాణంలో పిల్ల ఏడుస్తోంది. ఎప్పుడూ తల్లికి ఎడమవైపు, పిండిబస్తా మీదెక్కి కూర్చునే పిల్ల, ఇప్పుడు కుడివైపు నేలమీద ముడుచుకుని ఉంది.

"మా అమ్మాయికి నా కన్ను నచ్చలేదట" అంది రొట్టెల ఆవిడ నవ్వబోయి. "ఎడమవైపు పడుకోమంటే పడుకోదు. అటు వేరే ఆవిడ ఉందంటుంది. గుడ్డ కట్టుకున్నప్పుడే నయం, భయపడినా దగ్గరికొచ్చేది."

గోరింక చేతిలో రొట్టె జారి కింద పడింది.

"పిల్లల మాటలకేంలే" అని, మళ్ళీ ఆవిడే గొంతు తగ్గించింది. "నీకు చెబితే నవ్వుతావేమో. పొద్దున్నే అద్దం ముందు నిలబడితే, ఎవరో నాకంటే ముందే లేచి నాకోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది. నా ముఖం నాకే కొత్తగా ఉంది తల్లీ. ఎవరితోనూ అనలేదు, పిచ్చిదాన్నంటారని."

గోరింక నెల తిరిగేదాకా ఆగలేదు. మర్నాడే ఆవిడను, పిల్లను వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరకు తీసుకెళ్ళింది. మాస్టారు ఆవిడను కిటికీ ముందు కూర్చోబెట్టి, నెత్తిమీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి, చాలాసేపు చూశారు. తర్వాత కన్ను బయటికి తీసి, గోరింకను పక్కకు పిలిచి అరచేతిలో పెట్టారు.

"ఎవరిది?"

"మా అక్కది."

"ఉందా?"

గోరింక తల అడ్డంగా ఊపింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

"నీకు రెండు దారులున్నాయమ్మాయ్. ఇది నువ్వు దాచుకోవచ్చు. అయితే ఆవిడకి మళ్ళీ మొదట్నుంచీ కొలతలు, అచ్చులు, పూతలు. పక్షంరోజులు గుడ్డ కట్టుకుని తిరగాలి. లేదా దీన్నే పైపూత అరగదీసి, ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్ళీ గీయాలి. చీకటి పడేలోపు ఇంటికి పోతారు. చేసింది నువ్వు, తేల్చేది కూడా నువ్వే."

కన్ను గోరింక అరచేతిలో ఉంది. ఒంటి వేడి ఇంకా ఆరలేదు. పెట్టెలో పెట్టుకుంటే చాలు, సెలవులకు వెళ్ళగానే అమ్మ చేతిలో పెట్టొచ్చు. అమ్మ ఏడుస్తుంది, ముద్దుపెట్టుకుంటుంది, పూజగదిలో పెట్టుకుంటుంది. పక్షంరోజులే కదా, ఆవిడ ఎలాగూ అలవాటుపడిన మనిషే. ఇలా ఎంతసేపు నచ్చచెప్పుకుందో. అటు చూస్తే, కిటికీ దగ్గర రొట్టెల ఆవిడ ఖాళీ కంటిని చేత్తో మూసుకుని కూర్చుంది. పిల్ల కుడివైపున కొంగు పట్టుకున్నట్టు తల్లి కోటు అంచు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఎడమవైపు ఎవరైనా ఉన్నారా అని తొంగిచూస్తోంది. ఎవరూ లేరు. పిల్ల నెమ్మదిగా అటువైపుకు ఒక అడుగు వేసింది, మళ్ళీ గోరింక చేతిని చూసి వెనక్కి వచ్చేసింది.

గోరింక సానచక్రం దగ్గర కూర్చుంది. ఇన్నాళ్ళూ చూపు కలపడానికి తహతహలాడిన పిల్ల, ఇప్పుడు తల వంచి కూడా చూడలేకపోయింది. "క్షమించవే" అంది. చక్రం గీమంది. తేనెరంగు ముందు పోయింది. తెల్లటి పొడి వేళ్ళ మీద, ఒళ్ళో, పెదాల మీద పడింది. తుడుచుకోలేదు.

తర్వాత రొట్టెల ఆవిడ ఎదురుగా కూర్చుని, పొద్దువాలేదాకా ఆమెనే చూస్తూ గీసింది. ఇంతకుముందు ఆ ముఖాన్ని ఒక్కసారైనా చూడనేలేదని అప్పుడు తెలిసింది. చింతగింజ రంగు ఒట్టి చింతగింజ రంగేం కాదు, అంచున పల్చటి బూడిదరంగు ఉంగరం ఉంది, నవ్వితే అది కనబడదు. ఆవిడ నీళ్ళు తాగడానికి లేస్తే గోరింక కుంచె కింద పెట్టేసింది. మాస్టారు టీ కప్పు వెనకనుంచి ఇదంతా చూసి, ఆమెకూ ఒక కప్పు పోశారు.

కన్ను పెట్టాక పిల్ల కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఎడమవైపు ఆగి, మునివేళ్ళ మీద లేచి, తల్లి ముఖంలో ముఖం పెట్టి చూసింది. "ఆవిడ వెళ్ళిపోయింది" అని చెప్పి ఒళ్ళోకెక్కి కూర్చుంది. రొట్టెల ఆవిడకు అర్థం కాలేదు, నవ్వుతూ పిల్లను హత్తుకుంది. గోరింక కుంచెలు కడిగే నెపంతో అటు తిరిగిపోయింది.

ఇంటికి వెళ్తూ వంతెన మీద ఆగింది. ఎడమ చెవి దగ్గర ఎవరూ "ఏయ్" అనలేదు. అక్కడే నిలబడి అమ్మకు ఫోను చేసింది.

"అమ్మా, అక్క కన్ను చేశాను."

అమ్మ ఊపిరి వినబడింది. "వచ్చిందా? దానిలాగే వచ్చిందా?"

"అచ్చం దానిలాగే. మచ్చతో సహా."

"ఏదీ, ఒక్కసారి చూపించవే!"

"లేదమ్మా. నా చేత్తో నేనే చెరిపేశాను. వేరే ఆవిడ ముఖంలో పెట్టాను, తప్పు చేశాను. రోజూ వెళ్ళి దాని ముందు నిలబడేదాన్ని. నన్ను చూసేది గానీ..." గోరింక వంతెన కమ్మీ పట్టుకుంది. "నన్ను గుర్తుపట్టలేదమ్మా."

అమ్మ తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది.

"అయితే అది దాని కన్ను కాదులేవే పిచ్చిమొహమా" అంది అమ్మ. "ప్రపంచాన్నంతా మర్చిపోయినా నిన్ను గుర్తుపట్టకుండా ఉంటుందా అది? మంచి పని చేశావు."

ఆ మాటతో గోరింక కట్టలు తెంచుకుని ఏడ్చింది, ఏడాదిగా ఏడవాల్సిందంతా ఆ వంతెన మీదే ఏడ్చింది. అటూ ఇటూ పోయేవాళ్ళు చూసుకుంటూ పోయారు. అమ్మ ఫోను పెట్టెయ్యకుండా అలాగే ఉంది.